32 ఫోర్డ్ కూపేకి చప్పుడు తక్కువ, చూపుకి బాగుండే ఎగ్జాస్ట్ కావాలి, పైపు ఏ దారిన పంపాలి?

డ్యూస్_నోవై

నమస్తే అందరికీ. మిషిగన్‌లో నోవై వైపు ఉంటాను. గరాజ్‌లో 1932 ఫోర్డ్ ఫైవ్ విండో కూపే ఉంది, వేరే ఆయన సగం కట్టి ఇక నావల్ల కాదని అమ్మేస్తుంటే తీసుకున్నా. బాడీ ఒరిజినల్ స్టీలే, ఫ్రేమ్ మాత్రం కొత్తగా చేసింది, మధ్యలో ట్యూబులతో కట్టిన ఎక్స్-మెంబర్ (ఫ్రేమ్‌ని బిగించే ఎక్స్ ఆకారపు కట్టు) ఉంది. ఇంజిన్ షెవీ (షెవ్రొలే) 350 వీ8, కామ్ మైల్డే, ఒక కార్బ్యురేటర్, వెనక 700ఆర్4 గేర్‌బాక్స్, రియర్ ఎండ్ (వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి) 3.50, వెనక టైర్లు 29 ఇంచుల ఎత్తు. ఫెండర్లు లేవు, రన్నింగ్ బోర్డులు లేవు, అంటే ఫ్రేమ్ రైలు మొత్తం పక్క నుంచి కనపడుతుంది. ప్రస్తుతం బాడీ దించి పక్కన పెట్టా, ఎగ్జాస్ట్ దగ్గర ఆగిపోయా.

నేను వీధి చివర నుంచే వినపడాలి అనే బ్యాచ్ కాదండి. పొద్దున్నే ఆరింటికి స్టార్ట్ చేసి కార్స్ అండ్ కాఫీకి బయల్దేరితే సబ్‌డివిజన్‌లో ఎవరూ బ్లైండ్స్ తీసి చూడకూడదు, హైవే మీద పక్క సీట్లో వాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడుకోగలగాలి, లోపల ఉన్నది వీ8 అని తెలిస్తే చాలు. ఇక చూడ్డానికి, ఫ్రేమ్ రైలు కింద ఏమీ వేలాడుతున్నట్టు ఉండకూడదు, వెనక నుంచి చూస్తే రెండు టిప్పులు ఒకే ఎత్తులో నీట్‌గా ఉండాలి.

ఇబ్బంది ఎక్కడంటే ఎడమ వైపు. స్టీరింగ్ బాక్స్ (వేగా టైపు) ముందు రైలు మీద ఉంది, దాని వెనకాలే ఫ్లోర్ కింద బ్రేక్ పెడల్, బూస్టర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే చోట ఇరుక్కుని ఉన్నాయి. కుడి వైపు ఖాళీగానే ఉంది. గ్యాస్ ట్యాంక్ ఒరిజినల్ చోటే, వెనక రెండు రైళ్ళ మధ్య. దగ్గర్లో ఒక సైలెన్సర్ షాపులో అడిగితే రియర్ యాక్సిల్ ముందే కిందకి వంచి వదిలేద్దాం, పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోతుంది అన్నాడు. ఎందుకో మనసొప్పలేదు. ఇంజిన్‌కి హెడర్స్ (విడివిడి ట్యూబులవి) పెట్టాలా మానిఫోల్డ్స్ (పోత పోసినవి) పెట్టాలా, పైపు 2.5 ఆ 2.25 ఆ, ఏ సైలెన్సర్, ఎక్కడ బయటికి తియ్యాలి, అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి (ఇక్కడి పాత కార్ల ఊరేగింపు) తీసుకెళ్ళాలని ఆశ.

ఎన్‌వీహెచ్_బాబాయ్

ఆబర్న్ హిల్స్‌లో చప్పుళ్ళూ వణుకులూ కొలవడమే నా ఉద్యోగం తమ్ముడూ, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

అందరూ ఏ సైలెన్సర్ కొనాలి అనే దగ్గర మొదలుపెడతారు, అది చివర్లో తేలాల్సిన సంగతి. పైపు ఏ దారిన పోతుంది, ఎక్కడ బయటికొస్తుంది, మధ్యలో ఎక్కడెక్కడ ఎంత చోటు దొరుకుతుంది అనేది ముందు తేల్చుకో, సైలెన్సర్ దానంతటదే తేలుతుంది. చప్పుడు తగ్గేది డబ్బా మీద ఉన్న పేరు వల్ల కన్నా లోపలి ఖాళీ వల్ల, డబ్బా ఎంత పెద్దదైతే అంత లాభం. కామ్రీలో వెనక డిక్కీ కింద అంత పెద్ద డబ్బా ఊరికే పెట్టలేదు. నీ 32 కింద అంత చోటు ఎక్కడా లేదు కాబట్టి దారి పొడుగునా చిన్నవి రెండు మూడు సర్దుకోవాలి, ఒక్కో వైపు ఒక సైలెన్సర్, వెనక ఒక రెసొనేటర్ (మోత తగ్గించే చిన్న డబ్బా) అన్నట్టు.

షాపు వాడి ప్లాన్ మాత్రం వద్దే వద్దు. యాక్సిల్ ముందు వదిలితే చప్పుడు రోడ్డుకి కొట్టుకుని తిన్నగా నీ ఫ్లోర్ రేకు మీదకే వస్తుంది, కూపే అంటేనే మూసేసిన చిన్న గది, ఆ రేకు డప్పులాగా మోగుతుంది. అదొక్కటే కాదు, పాత బాడీకి సందులు ఎక్కువ, పొగ కింద వదిలితే ఏదో ఒక సందులోంచి లోపలికి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. టెయిల్ పైపులు యాక్సిల్ మీదుగా వెళ్ళి బాడీ దాటి వెనకే బయటికి రావాలి, ఇంకో మాట లేదు.

హెడర్స్ సంగతి. పల్చటి ట్యూబు హెడర్ తానే మోగుతుంది, పైగా నీకు ఎడమ వైపు స్టీరింగ్ షాఫ్ట్ ఉంది. షెవీ రామ్స్ హార్న్ మానిఫోల్డ్స్ పెట్టు, పోత ఇనుము కదా, బరువుంటుంది, చప్పుడు మింగుతుంది, మధ్యలోంచి తిన్నగా కిందకి దిగుతాయి కాబట్టి స్టీరింగ్‌కి దూరంగా ఉంటాయి, చూడ్డానికి కూడా పాత కాలపు బండికి అవే అందం. వాటిల్లో 2 ఇంచుల నోరు ఉన్నవీ 2.5 ఉన్నవీ రెండు రకాలు దొరుకుతాయి, నువ్వు 2.5 వి వెతుక్కో. మైల్డ్ 350కి వాటివల్ల పోయే పవర్ రోడ్డు మీద నీకు తెలియను కూడా తెలియదు.

పైపు 2.25 చాలు. 16 గేజ్ పైపులో లోపలి వైశాల్యం లెక్కేస్తే 2.5 పైపు 2.25 కన్నా పాతిక శాతం ఎక్కువ వస్తుంది, అంత గాలి నీ ఇంజిన్ వదలదు, ఎక్కువ పైపు పెడితే మిగిలేది ఎక్కువ చప్పుడే. సన్న పైపుకి ఇంకో లాభం, ఎక్స్-మెంబర్‌లో దూర్చడం తేలిక.

ఫ్లాట్‌హెడ్_అభిమాని

32 లో షెవీ ఇంజినా 😄 ఫోర్డ్ వాడు ఆ ఏడాదే కదా సామాన్యుడికి వీ8 ఇచ్చింది, 221 క్యూబిక్ ఇంచులు, 65 హార్స్‌పవర్. ఫ్లాట్‌హెడ్‌కి ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకి మూడే ఎగ్జాస్ట్ పోర్టులు, మధ్యలో రెండు సిలిండర్లు ఒకే పోర్టు పంచుకుంటాయి, ఆ మెత్తటి గొంతు ఏ సైలెన్సర్ పెట్టినా 350కి రాదు. సరేలే, ఎగ్జాస్ట్ అంతా బ్లాక్ లోంచే పోయి నీళ్ళు మరిగిపోతాయి అని మీరు అనే లోపే వెళ్ళిపోతున్నా.

కరీంనగర్_టు_డాలస్

డ్యూస్ అన్నా, బాబాయ్ చెప్పింది కరెక్టే, నేను చేతి పని చెప్త. వీకెండ్లల్ల హాట్ రాడ్లు కట్టే దోస్తుల షాపుల వెల్డింగ్ చేస్త నేను.

మొదలు ఒకటి అడుగుత, బాడీ దించి ఉంది అన్నవ్ కదా, పైపులు బాడీ లేకుండనే వెల్డ్ చేద్దాం అనుకుంటున్నవా? జర ఆగు. బాడీ లేనప్పుడు పని మస్తు ఈజీ ఉంటది గని ఫ్లోర్ ఎక్కడికి వస్తదో తెల్వదు. బాడీని ఒకసారి ఫ్రేమ్ మీద కూసోబెట్టి, బోల్టులు నాలుగు బిగించి, ఫ్లోర్ అడుగు ఎక్కడుందో రైలు మీద గీతలు పెట్టుకో, తర్వాత దించుకుంటె దించుకో. ఫ్లోర్‌కి పైపుకి మధ్యల ఒక ఇంచు కంటే తక్కువ ఉండొద్దు, కుదిరితే ఇంకా ఎక్కువ ఉంచు, మధ్యల అల్యూమినియం హీట్ షీల్డ్ పెట్టుకో.

స్టీల్ పైపు కొననే వద్దు ఇప్పుడే. హోమ్ డిపోల 2 ఇంచుల పీవీసీ పైపు తెచ్చుకో, పేరుకు 2 ఇంచులు గని బయటి కొలత 2.375 ఉంటది, నీ 2.25 పైపు కంటే చుట్టూ పదహారో వంతు ఇంచు లావు అన్నట్టు. అది ఎక్కడ పడితే అక్కడ నీ అసలు పైపు పక్కా పడతది. ముక్కలు కోసి టేపు చుట్టి మానిఫోల్డ్ కాడికెళ్ళి వెనక స్ప్రెడర్ బార్ (రెండు రైళ్ళ కొసల్ని కలిపే అడ్డ కడ్డీ) దాకా మొత్తం దారి వేసి చూడు. ఒక రోజు అట్లనే వదిలేసి మళ్ళ పోయి చూడు, నిలవడి చూడు, కింద కూసోని చూడు, పది పదిహేను అడుగుల దూరం పోయి చూడు. అందం అంటే గదే, పైపు రైలుకి సమానంగ పోతుందా, రెండు వైపులా ఒక్క తీరు వంగిందా అన్నది. కుడి వైపు చోటు మస్తు ఉందని అక్కడ సక్కగ పోనిచ్చి ఎడమ వైపు వంకర టింకర పెడితే వెనకకెళ్ళి చూసినోడికి తెల్సిపోతది. ముందు ఎడమ వైపు దారి తేల్చి, కుడి వైపు దానికి అద్దం లెక్క కొట్టు.

ఎడమ వైపు ఎట్ల పోవాలె అంటే, మానిఫోల్డ్ కెళ్ళి దిగంగనే బెల్ హౌజింగ్ పక్కకు లోపలికి జరుపు, గేర్‌బాక్స్‌కి దగ్గరగ పట్టుకోని వెనకకు తెచ్చి, మాస్టర్ సిలిండర్ దాటినంక ఎక్స్-మెంబర్ ట్యూబుల మధ్య సందుల నుంచి బయటికి తీయి. మాస్టర్ సిలిండర్‌కి బయటి వైపు, అంటే రైలుకి దానికి మధ్యల నుంచి తీద్దాం అంటరు కొందరు, వద్దు, అక్కడ ఇరుకు. లోపలి నుంచి పోయినా మాస్టర్ సిలిండర్‌కి రెండు ఇంచుల దూరం, మధ్యల ఒక రేకు ఉండాలె. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 3 అయితే కొత్తగున్నప్పుడు 205 డిగ్రీలకు మరుగుతది, డాట్ 4 230, నీళ్ళు గుంజుకున్నంక ఇంకా తక్కువకే మరుగుతది. పెడల్ కిందకి దిగబడ్డదంటే ఇగ అంతే సంగతులు.

ఒకవేళ ఎక్స్-మెంబర్ కాలుకి రంధ్రం చెయ్యాల్సి వస్తె ఊరికె కోసి వదలకు, రంధ్రంల ఒక ట్యూబు ముక్క స్లీవ్ లెక్క పెట్టి చుట్టూ వెల్డ్ చెయ్యి, లోపలి కొలత మూడున్నర ఇంచులు తీసుకో. ఇంజిన్ గ్యాస్ కొడితే పక్కకు వొరుగుతది, పైపు పోయి ఫ్రేమ్‌కి తాకిందంటే ఎంత మంచి సైలెన్సర్ పెట్టినా బండి మొత్తం గుర్రుమంటది.

డ్యూస్_నోవై

బాబాయ్ గారూ, కరీంనగర్ బ్రో, చాలా థాంక్స్, పీవీసీ ఐడియా అదిరింది. ఇంకొన్ని డౌట్లు. రెండు వైపుల పైపుల్ని కలపడానికి హెచ్-పైప్ (మధ్యలో అడ్డపైపు) ఆ ఎక్స్-పైప్ (ఎక్స్ ఆకారంలో కలిసేది) ఆ అని యూట్యూబ్ నిండా గొడవే, నాకు అసలు అవసరమా? ఇంకోటి, హైవే మీద ఒక స్పీడులో గూంయ్ అని చెవుల్లో మోత వస్తుందే, డ్రోన్ అంటారు, మా ఫ్రెండ్ చెవెల్ కారులో ఎక్కితే అరగంటకే తలనొప్పి, అది రాకుండా ముందే ఏం చెయ్యొచ్చు?

ఎన్‌వీహెచ్_బాబాయ్

మంచి ప్రశ్నలు రెండూ. ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కూడా.

షెవీ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరుస) 1-8-4-3-6-5-7-2. బేసి సిలిండర్లు ఎడమ వైపు, సరి సిలిండర్లు కుడి వైపు. ఇప్పుడు ఆర్డర్ చూడు, 8 తర్వాత 4, రెండూ కుడి వైపే వెంటవెంటనే పేలాయి, తర్వాత 5, 7, రెండూ ఎడమ వైపే వెంటవెంటనే పేలాయి. అంటే ఒక్కో వైపు పైపులో పేలుళ్ళు సమానమైన ఎడంతో రావు, రెండు దగ్గరగా, తర్వాత ఖాళీ, అలా తడబడుతూ వస్తాయి. అమెరికన్ వీ8 గొంతులో ఆ గుడగుడ అదే. రెండు వైపులని వేరువేరుగా వదిలేస్తే తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కువ వినపడతాయి, వాటిని ఆపడం చిన్న సైలెన్సర్ వల్ల కాదు. రెండు పైపుల్ని కలిపితే ఒక వైపు ఒత్తిడి రెండో వైపుకి పంచుకుని సమానమవుతుంది. కాబట్టి నీలాగా చప్పుడు తక్కువ కావాలనుకునే వాడికి కలపడం తప్పనిసరి.

హెచ్ అయితే గొంతు కాస్త లోతుగా, పాత బండిలాగా ఉంటుంది, ఎక్స్ అయితే ఇంకా నున్నగా, కొంచెం పై స్థాయిలో ఉంటుంది. 32 కూపేకి నా ఓటు హెచ్ కే, చోటు కూడా తక్కువ పడుతుంది. ఎక్కడ పెట్టాలి అంటే పాతవాళ్ళు పైపు మీద మామూలు పెయింటు గీత పొడుగునా గీసి ఇంజిన్ కాసేపు గట్టిగా నడిపి, పెయింటు ఎక్కడి దాకా కాలిందో అక్కడ హెచ్ పెట్టేవాళ్ళు. నీకు అంత ఎంచుకునే స్వేచ్ఛ లేదు, గేర్‌బాక్స్ మౌంట్ వెనకాల ఎక్కడ సందు ఉంటే అక్కడే, కొంచెం అటూ ఇటూ అయినా కొంపలేం మునగవు. ఒక్కటి మాత్రం, హెచ్ అడ్డపైపు విప్పడానికి వీలుగా పెట్టు, లేకపోతే రేపు గేర్‌బాక్స్ దించాలంటే ఎగ్జాస్ట్ మొత్తం కోయాలి.

ఇప్పుడు డ్రోన్. లెక్క చూద్దాం. నీ టైరు 29, రియర్ ఎండ్ 3.50, 700ఆర్4 ఓవర్‌డ్రైవ్ 0.70, గంటకి 65 మైళ్ళ దగ్గర ఇంజిన్ దాదాపు 1850 తిరుగుతుంది. వీ8 ఒక చుట్టుకి నాలుగు సార్లు పేలుతుంది, అంటే సెకనుకి 123 సార్లు, 123 హెర్ట్జ్. ఇక్కడ టేపు తీసుకుని కూపే లోపల ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా కొలు. నాలుగున్నర అడుగులు వచ్చిందనుకో, ఆ పొడుగులో గాలి ఊగే సహజ ఫ్రీక్వెన్సీ సుమారు 125. అర్థమైందా, ఇంజిన్ మోత ఎక్కడుందో గది మోగేది కూడా అక్కడే, సరిగ్గా నువ్వు రోజూ పోయే స్పీడులో. దానికి తోడు సైలెన్సర్ తర్వాత టెయిల్ పైపు ఏకంగా ఐదడుగుల పైన పొడుగు ఉంటే వేడి పొగలో ఆ పైపు కూడా దాదాపు ఇదే ఫ్రీక్వెన్సీలో పాడుతుంది. మూడూ కలిస్తే మీ ఫ్రెండ్ చెవెల్ తలనొప్పి.

చేయాల్సింది ఏంటంటే, టెయిల్ పైపుని అంత పొడుగు ఒకే ముక్కగా వదలకు, యాక్సిల్ దాటాక చిన్న రెసొనేటర్ పెట్టి ఆ పొడుగుని విడగొట్టు. గుండ్రంగా, పైపు కన్నా కొంచెం లావుగా ఉండే స్ట్రెయిట్ త్రూ రకం చాలు, బయటికి టిప్పు లాగే కనపడుతుంది. అప్పటికీ డ్రోన్ మిగిలితే జే-పైపు. అంటే మెయిన్ పైపు నుంచి ఒక కొమ్మ తీసి రెండో కొస మూసేస్తారు, చప్పుడు లోపలికి వెళ్ళి మూత తగిలి తిరిగి వచ్చేసరికి ఎదురు అలగా మారి మెయిన్ పైపులో దాన్ని కొట్టేస్తుంది. పొడుగు అల పొడుగులో నాలుగో వంతు ఉండాలి. 123 హెర్ట్జ్‌కి కొమ్మలోని గాలి వేడిని బట్టి 31 నుంచి 35 ఇంచుల మధ్య వస్తుంది. ముందే చెయ్యకు, బండి నడిపి ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టి మోత ఎక్కడ లేస్తుందో చూసుకుని అప్పుడు కొయ్యి, ఎందుకంటే నేను చెప్పింది కాగితం లెక్క. కాకపోతే ఎక్స్-మెంబర్ వెనకాల దానికి చోటు మాత్రం ఇప్పుడే వదిలిపెట్టుకో.

సైలెన్సర్ రకం అడిగావు. చేంబర్లు ఉన్నవి ఒక రకం, వాటికి గర్జన ఎక్కువ, నీకు వద్దు. గ్లాస్‌ప్యాక్ పాత హాట్ రాడ్ రుచి, కొత్తలో బాగుంటుంది, కొన్నాళ్ళకి లోపలి ఫైబర్‌గ్లాస్ కాలి ఎగిరిపోతే పచ్చి పైపుతో సమానం. లోపల పైపు ఎస్ ఆకారంలో వెనక్కి ముందుకి తిరిగే టర్బో రకం ఉంటుంది, నాలుగు ఇంచుల మందం తొమ్మిది ఇంచుల వెడల్పు ఓవల్ డబ్బా, ఫ్లోర్ కింద పడుకోబెడితే రైలు అంచు కిందకి రాదు. డబ్బా పొడుగు 14 దొరుకుతుంది ఇంకా పెద్దవీ దొరుకుతాయి, పట్టినంత పొడుగు తీసుకో.

ఆటోనగర్_కుర్రాడు

విజయవాడ ఆటోనగర్ నుంచి. లారీ సైలెన్సర్లు మా వీధిలోనే చేస్తారు కాబట్టి ఆసక్తిగా చదువుతున్నా. మాండ్రెల్ బెండ్లు (మెషీన్‌తో నలగకుండా వంచిన పైపు వంపులు) ఖరీదు ఎక్కువైతే, పాత మేస్త్రీలు మెషీన్ లేకుండా వంచేవాళ్ళు. పైపులో పొడి ఇసుక దట్టంగా కూరి రెండు కొసలూ చెక్క బిరడాలతో బిగించి, వంపు రావాల్సిన చోట ఎర్రగా కాల్చి వంచితే లోపల నొక్కుకుపోదు. ఇసుకని ముందు పెనం మీద వేయించి తీరాలి అన్నా, కొంచెం తడి ఉన్నా ఆవిరై బిరడా తుపాకీ గుండులా వస్తుంది. మైల్డ్ స్టీల్‌కే ఇది.

కరీంనగర్_టు_డాలస్

తమ్మీ ఇసుక ముచ్చట సూపర్ 👌 ఇక్కడ 45, 90 డిగ్రీల మాండ్రెల్ బెండ్లు విడిగ దొరుకుతయ్ కాబట్టి డ్యూస్ అన్నకి ఆ కష్టం అవసరం పడదు. షాపోడు వంచే క్రష్ బెండ్ మాత్రం వద్దు, వంపు కాడ పైపు నలిగి సన్నగైతది, చూపుకు కూడ ముడతలు పడ్డట్టు ఉంటది.

మెటీరియల్ సంగతి ఎవ్వరు అనలేదు. మిషిగన్‌ల చలికాలం రోడ్ల మీద ఉప్పు, నువ్వు చలికాలం తీయవ్ అనుకో, అయినా 304 స్టెయిన్‌లెస్ పెట్టుకోమంట. ఇంజిన్ ఒక లీటర్ పెట్రోల్ కాలిస్తె సుమారు లీటర్ నీళ్ళు ఆవిరిగ ఎగ్జాస్ట్ల వస్తయ్, దగ్గరి దగ్గరి ట్రిప్పులల్ల పైపు వేడెక్కకముందే బండి ఆపుతవ్, ఆ నీళ్ళు సైలెన్సర్ల నిలవడి లోపలి నుంచే తుప్పు పడతది. సైలెన్సర్ అడుగున సన్న రంధ్రం, ఎనిమిదో వంతు ఇంచు, కొట్టి వదిలెయ్. స్టెయిన్‌లెస్ టిగ్ వెల్డ్ చేసేటప్పుడు పైపు లోపల ఆర్గాన్ నింపకుంటె లోపలి వైపు పంచదార లెక్క నల్లగ గడ్డలు కడ్తది, వెల్డ్ బలం పోతది. ఆర్గాన్ ఖర్చుకి వెనకాడకు.

ఇంకోటి యాద్ పెట్టుకో. స్టెయిన్‌లెస్ మస్తు సాగుతది. మూడు మీటర్ల పైపు సగటున 250 డిగ్రీలు వేడెక్కితె అర ఇంచు పొడుగు పెరుగుతది. గేర్‌బాక్స్ కాడ ఒక్క చోట గట్టిగ పట్టుకోనియ్, అక్కడ నుంచి వెనకకు హ్యాంగర్లు అన్ని రబ్బరువే, ముందుకు వెనకకు జరిగేటట్టు. రబ్బరు లేకుండ ఇనుముకి ఇనుము బిగిస్తె ఇంజిన్ వణుకుడు తిన్నగ బాడీకెక్కుతది, బాబాయ్ చెప్పిన లెక్కలన్ని వేస్ట్. యూ-బోల్ట్ క్లాంపులు వాడకు, పైపుని నొక్కేస్తయ్, తర్వాత విప్పనే రాదు, చూపుకు దరిద్రం. వీ-బ్యాండ్ (పైపుల కొసల్ని చుట్టూ పట్టే క్లాంపు పట్టీ) పెట్టు, వాటి నట్లు పైకి తిప్పి పెడితె ఎవ్వరికి కనబడయ్. మానిఫోల్డ్ కాడికెళ్ళి హెచ్ దాకా ఒకటి, సైలెన్సర్ ఒకటి, యాక్సిల్ మీది ముక్క ఒకటి, ఒక్కో వైపు మూడు ముక్కలు, బాడీ ఎత్తకుండ ఏదైనా దించుకునేటట్టు ఉండాలె.

యాక్సిల్ మీద పైపు వంచేటప్పుడు బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడు ఒకసారి చూడు, తర్వాత స్ప్రింగులు తీసి యాక్సిల్‌ని బంప్ స్టాప్‌కి (యాక్సిల్ ఇంకా పైకి లేవకుండ ఆపే రబ్బరు) తగిలే దాకా జాకీతో లేపి మళ్ళ చూడు. అప్పుడు కూడ యాక్సిల్‌కి పైపుకి ఇంచు సందు ఉండాలె. షాక్ అబ్సార్బర్లు, పానార్డ్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండ పట్టే కడ్డీ) కూడ అప్పుడే చూసుకో.

బే_ఏరియా_బుల్లోడు

చప్పుడు విషయం వచ్చింది కాబట్టి, మా కాలిఫోర్నియాలో 6,000 పౌండ్లలోపు బండికి 95 డెసిబెల్స్ హద్దు, టిప్పుకి 20 ఇంచుల దూరంలో 45 డిగ్రీల పక్కన మైకు పెట్టి కొలుస్తారు. మిషిగన్‌లో మీ రూల్ మీరు చూసుకోండి, కానీ ఇలాగే ఒకే చోట మైకు పెట్టి మార్పులు చేసిన ప్రతిసారీ కొలుచుకుంటే ఏది పనిచేసిందో చెవితో గొడవ పడక్కర్లేదు. లేక్ పైప్స్ (బండి పక్కన కనపడేలా పోయే పైపులు, మూత తీస్తే సైలెన్సర్ లేకుండా వదులుతాయి) పెట్టి మూతలు బిగించుకుంటే చూడ్డానికి అదిరిపోతుంది అని చెప్పబోయా. ఎల్ మిరాజ్, మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద రేసులు పెట్టిన రోజుల నుంచి వచ్చిన స్టైల్ కదా. కానీ మీ పోస్ట్ మళ్ళీ చదివాక నోరు మూసుకున్నా, ఆ మూతల గాస్కెట్లు ఎప్పుడో ఒకప్పుడు లీకవుతాయి, మీ పొద్దున ఆరింటి ప్లాన్ గల్లంతు.

ఫైవ్ విండోకి వెనక అద్దం దిగుతుంది కదండీ, ఎండాకాలం అది దింపుకుని పోతే బాగుంటుంది అనిపిస్తుంది. బండి పోతుంటే వెనకాల గాలి సుడి తిరిగి పొగని అద్దం వైపే లాగుతుంది. టిప్పులు బాడీ చివర దాటి రెండు మూడు ఇంచులు బయటికి ఉంచండి, సీటు కింద బ్యాటరీతో పనిచేసే సీఓ అలారం ఒకటి పడేయండి.

డ్యూస్_నోవై

సరే, ఇప్పటికి నా ప్లాన్ ఇది, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. రామ్స్ హార్న్ మానిఫోల్డ్స్, 2.25 పైపు 304, ఎడమ వైపు గేర్‌బాక్స్ పక్కనే పోయి మాస్టర్ సిలిండర్ దాటాక బయటికి, మౌంట్ వెనక విప్పదీసే హెచ్, సీటు కింద ఓవల్ టర్బో సైలెన్సర్లు పడుకోబెట్టి, యాక్సిల్ మీదుగా వెనక్కి, ట్యాంక్‌కి రెండు పక్కలా రెసొనేటర్లు, స్ప్రెడర్ బార్ కింద టిప్పులు. బ్రేక్, గ్యాస్ లైన్లు రైలు బయటి అంచుకి మారుస్తా.

రెసొనేటర్ ట్యాంక్‌కి దగ్గరగా ఉండటం గురించి కొంచెం భయంగా ఉంది. పైపుల రంగు విషయం కూడా, మొత్తం పాలిష్ చెయ్యాలా?

ఎన్‌వీహెచ్_బాబాయ్

ట్యాంక్‌కి భయపడటం మంచిదే. ఇప్పుడొచ్చే పది శాతం ఎథనాల్ పెట్రోల్ తొందరగా ఆవిరవుతుంది, కార్బ్యురేటర్ బండికి వేపర్ లాక్ (పెట్రోల్ లైన్లోనే ఆవిరై ఇంజిన్‌కి అందకపోవడం) ఎండాకాలం వుడ్‌వర్డ్ ట్రాఫిక్‌లో పట్టుకుంటుంది. రెసొనేటర్‌కి ట్యాంక్‌కి మధ్య రెండు ఇంచులైనా ఉంచు, మధ్యలో రేకు పెట్టి ఆ రేకుకి రెండు వైపులా గాలి ఆడేలా స్పేసర్లు వెయ్యి, ట్యాంక్‌కి అతికించేస్తే రేకు వేడి ట్యాంక్‌కే ఇస్తుంది. గ్యాస్ లైన్ రైలు బయటికంటే ఫెండర్లు లేని బండిలో రాళ్ళు తగులుతాయి, కనపడుతుంది కూడా, రైలు లోపలే పై మూలలో పెట్టి ఎగ్జాస్ట్‌ని దానికి దూరంగా జరుపు.

ఇంకోటి, హెచ్ కన్నా ముందు ఒక్కో పైపులో ఆక్సిజన్ సెన్సర్ నట్టు, 18 మిల్లీమీటర్లది, ఇప్పుడే వెల్డ్ చేయించుకో, కార్బ్యురేటర్ ట్యూన్ చేసేటప్పుడు పనికొస్తుంది. గడియారంలో పదికీ రెండుకీ మధ్య పై వైపు ఉండాలి, కింద పెడితే నీళ్ళు సెన్సర్లోకి దిగుతాయి. పని అయ్యాక ప్లగ్ బిగించేయొచ్చు.

కరీంనగర్_టు_డాలస్

మొత్తం పాలిష్ వద్దన్నా, షో బండ్ల లెక్క అద్దాలు పెట్టి అడుగు చూపిస్తవా ఏంది. సైలెన్సర్లు, మధ్య పైపు అంత హై టెంప్ సాటిన్ బ్లాక్ కొట్టు, నీడల కలిసిపోతది, కన్ను అటు పోనే పోదు. వెనక ఆఖరి అడుగు పొడుగు ఒక్కటే బ్రష్డ్ స్టెయిన్‌లెస్ వదులు, టిప్పు సాదా కట్, అంచు లోపలికి మలిచింది, పెద్దగ ఉబ్బించినవి పెట్టకు, 32 కి నప్పవు. రెసొనేటర్ ఎట్లాగు టిప్పు వెనకనే ఉంటది కాబట్టి రెండూ ఒకటే ముక్క అన్నట్టు కనబడుతది. హీట్ ర్యాప్ గుడ్డ చుట్టకు, తడి పట్టుకోని కూసుంటది.

బోల్టుల కాడ మాత్రం కక్కుర్తి పడకు. మానిఫోల్డ్ కింద మూడు స్టడ్లకి ఇత్తడి నట్లు పెట్టు, ఐదేండ్ల తర్వాత కూడ స్పానర్‌తోని వస్తయ్, స్టీల్ నట్లు అయితే స్టడ్ విరిగి చేతిలకొస్తది. వీ-బ్యాండ్ బోల్టులకి యాంటీ సీజ్ పూసి బిగించు. పీవీసీ పెట్టినంక ఫోటో పెట్టు, ఎడమ వైపు మాస్టర్ సిలిండర్ కాడిది దగ్గరి నుంచి తీసి పెట్టు, వెల్డ్ చేసేముందు ఒకసారి చూస్త.